రెక్కకు అటువైపు బాపు

కార్లకు సీటు కవర్లు కుట్టేవాడి దగ్గరికి వచ్చి "ఒకే ఒక్క సీటు ఉంది, కుడతావా?" అని అడిగితే ఎవరికైనా ముందు అనుమానమే వస్తుంది. సూరత్‌లో అడాజన్ బస్ స్టాపు వెనక సందులో నా దుకాణం. వచ్చేవాళ్లందరూ బండి మొత్తానికి కవర్లు కుట్టించుకుని, పోయేటప్పుడు స్టీరింగు కవరు ఊరికే వేసిపెట్టమని నసుగుతారు. ఆ నసుగుడు అంటే నాకు ఒళ్ళు మంట. ఆ రోజు పొద్దుటి నుంచీ అలాంటివాళ్లే తగిలారు. అందుకే ఆ పెద్దాయన గడపలో నిలబడి ఒక్క సీటు అనగానే, "మిగతావి ఏమైనయి కాకా, ఎలుకలు కొట్టేసినయా?" అని హిందీలో ఎకసెక్కంగా అడిగాను.

ఆయన నవ్వలేదు. కోపగించుకోలేదు కూడా. "మిగతావి లేవు. దానికి పుట్టుకతోనే ఒక్క సీటు," అని ఫోను తీసి ఒక ఫొటో చూపించారు. అది విమానం. పాతకాలపుది. పైన ఒక రెక్క, కింద ఒక రెక్క, నడుమ మనిషి నడుము దాకా పట్టే గుంత. ఆ గుంతకే సీటు కావాలట.

ఆ సాయంత్రం దుకాణం కట్టేసి ఆయన వెంట పోయాను. నది ఇవతలే, వరసగా ఒకేలా ఉన్న ఇళ్ల కాలనీ. అందరి ఇళ్ల ముందూ కార్లు నిలబడి ఉంటే ఈయన ఇంటి ముందు కారు ఉండాల్సిన చోట విమానం ఉంది. దానికింకా బట్ట కప్పలేదు. సన్నని కర్రలు, తీగలు, మేకులు, అంతా బయటికే కనబడుతూ, మట్టి పూయని తడికలాగా ఉంది. ఆయన ఉద్యోగమంతా పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పిల్లలకు చిత్రిక పట్టడం, ఆకురాయి పట్టడం నేర్పడంలో గడిచిందట. రిటైరయ్యాక పాత నక్షాలు సంపాదించి ఇది మొదలుపెట్టారు. అసలు విమానానికి అచ్చంగా నకలు, కానీ ఎగరదు. తయారయ్యాక ఒక కాలేజీ హాల్లో పిల్లలు చూడటానికి పెడతారు.

కాకా అంతా గుజరాతీ కలిసిన హిందీలో చెప్పేవారు. నాకు గుర్తున్నంత వరకు తెలుగులో రాస్తున్నాను. ఇది రెండు ప్రపంచ యుద్ధాల నడుమ కాలంలో సైనికులకు ఎగరడం నేర్పిన విమానం. మొదట గురువూ శిష్యుడూ ఇద్దరూ కూర్చునే విమానంలో నేర్పుతారు. శిష్యుడి చెయ్యి తప్పితే గురువు వెనక నుంచి సర్దుతాడు. అది వచ్చాక దీంట్లోకి ఎక్కిస్తారు. దీని తర్వాత అసలు యుద్ధ విమానం.

"నేర్చుకునే బండి అంటున్నారు, మరి నేర్పేవాడు ఎక్కడ కూర్చుంటాడు?" అన్నాను.

"కూర్చోడు. కింద నిలబడి పైకి చూస్తాడు. చెప్పడానికి వైర్‌లెస్ కూడా ఉండేది కాదు."

సీటు కుట్టడం పెద్ద పని కాలేదు. ఆ రోజుల్లో పైలట్లు పారాషూట్ మూట మీదే కూర్చునేవారట. ఇప్పుడు ఆ మూట లేదు గనక, దాని ఆకారంలోనే ఒక మెత్త కావాలన్నారు. తోలు రంగు రెక్సిన్‌తో కుట్టి ఇచ్చాను. నేను కుట్టిన వాటిలో అంత చిన్న సీటు ఇంకోటి లేదు. గుంతలో పెట్టి చూసి కాకా తల ఊపారు. ఆ తర్వాత అసలు మాట బయట పెట్టారు. రెక్కలకు బట్ట కప్పాలి. దానికి పెద్ద సూది, మైనం పూసిన తాడు, తాడు లాగడం తెలిసిన చేతులు కావాలి. ఆయన వేళ్లు కీళ్ళవాతంతో వంకర తిరిగిపోయాయి. "నువ్వు ఒకడివి చాలవు. రెక్కకు అటువైపు సూది అందుకోవడానికి ఇంకొకరు కావాలి. తాడు అంటే ఏమిటో తెలిసిన మనిషి అయితే మేలు," అన్నారు.

నాకు మా నాన్న, బాపు గుర్తొచ్చాడు. గుర్తు రావడం కూడా కాదు, కొన్ని నెలలుగా నాకు ఇంకో ధ్యాస ఉంటేగా.

బాపు కరీంనగర్ దిక్కు నుంచి పెళ్ళి కాకముందే సూరత్ వచ్చాడు. అప్పటి నుంచి అమ్రోలి అవతల షెడ్డులో సాంచాలు నడిపాడు. సాంచాలంటే కరెంటు మగ్గాలు. అమ్మ పోయినప్పుడు తప్ప పని మానలేదు. నన్ను మాత్రం ఆ షెడ్డు గడప తొక్కనివ్వలేదు. బడి అయిపోగానే సీట్లు కుట్టే ఒక ఉస్తాద్ దగ్గర పెట్టాడు. "గా సప్పుడు నాతోనే పోవాలె," అనేవాడు. ఆ చప్పుడు ఆయన చెవులను తినేసింది. చెవి మిషను కొనిస్తే రెండు రోజులు పెట్టుకుని, గరగర తప్ప ఏమీ వినబడటం లేదని అల్మారాలో పడేశాడు.

ఆ ఎండాకాలం మాలిక్, అంటే షెడ్డు యజమాని, ఆయన్ను ఇంటికి పొమ్మన్నాడు. బట్టలో తప్పులు పడుతున్నాయి, కొన్నాళ్లు ఆరాం చెయ్యి అన్నాడు. బాపు ఆ మాటను సెలవు కిందే జమ చేశాడు. మేముండే కోసాడ్ క్వార్టర్లలో ఎవరు అడిగినా "ఛుట్టీల ఉన్న" అనేవాడు. ఇంట్లో మాత్రం మాలిక్‌ను తిట్టని పూట లేదు. "నా బట్టల తప్పులా? తక్కువకు జవాన్ మనిషి దొరికిండు, గందుకు ఈ సాకు. పోయి అడుగుత. నా సాంచాలు నాకిచ్చేదాక అక్కడ్నే కూసుంట." నేను ఆయనకు తెలియకుండా షెడ్డుకు పోయి కనుక్కున్నాను. ఆ సాంచాల మీద అప్పటికే ఇంకో మనిషిని పెట్టారు. ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. రోజూ అంగీ తొడుక్కుని, కిటికీ దగ్గర కూర్చుని, ఎప్పుడు పోయి అడగాలా అని ఎదురుచూసే మనిషికి ఎట్లా చెప్పేది?

రెక్కల పని సంగతి ఆయన చెవిలో అరిచి చెప్పాను. ముందు అర్థం కాలేదు. ఫొటో చూపించాను.

"విమానమా? దీనికి బట్ట కప్పుతరా?"

"పాతకాలంల గట్లనే చేసేదట బాపు. నూలు బట్ట."

"నూలు బట్టేనా?" అని రెండుసార్లు అడిగాడు. సూరత్‌లో పాలియెస్టర్ తప్ప ఇంకోటి నేయని మనిషికి ఆ మాట తేనె పూసినట్టు తగిలింది. "మంచిది. గీ పని చేసి చూపిస్త. నా చెయ్యి ఎట్లున్నదో నాకు గూడ తెలుస్తది. అయినంక మాలిక్ తానికి పోత," అన్నాడు. నా భార్య వంటింట్లోంచి తొంగి చూసి, "మామ ఇయ్యాల అన్నం రెండోసారి అడిగి పెట్టించుకున్నడు," అని నాకు మాత్రమే వినబడేట్టు చెప్పింది. నాకు సంతోషం కంటే భయమే ఎక్కువ వేసింది. ఈ పని బాగా అయితే ఆయన మాలిక్ దగ్గరికి పోతాడు, అక్కడ లేదనిపించుకుంటాడు. పని చెడితే ఇంకేముంది.

వానలు పూర్తిగా వెనక్కి పోయాక మొదలుపెట్టాం. గాలిలో తడి ఉంటే బట్ట మీద పూసే పూత పాలిపోయి తెల్లగా మచ్చలు కడుతుందని కాకా అంతవరకు ఆగారు. నూలు బట్టను ఆయన ఎక్కడో బయటి ఊరి మిల్లు నుంచి తెప్పించారు. బాపు ఆ తాను ముందు కూర్చుని, బట్టను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ రుద్ది, ఎండకు పట్టి చూసి, "దగ్గర నేత. మంచి మనిషి నేసిండు," అన్నాడు. ఎవరిదో తెలియని చేతిని మెచ్చుకోవడం ఆయనకు అలవాటు. నా చేతిని మాత్రం ఏనాడూ మెచ్చుకోలేదు లెండి.

నేను ఆ బట్టను మిషను మీద దిండు గలీబులాగా కుట్టాను. రెక్కకు తొడిగాం. కాకా దాని మీద మొదటి పూత వేశారు. దాన్ని ఆయన డోప్ అనేవారు. ముక్కు పుటాలు మండిపోయేంత ఘాటు. పక్కింటి ఆమె కిటికీలు వేసుకుని మరీ తిట్టింది. ఆరేకొద్దీ బట్ట బిగిసింది. ఇక రెక్కలోపల ఉన్న కర్ర ఎముకలకు ఆ బట్టను కుట్టెయ్యాలి. గాలిలోకి లేచినప్పుడు పై బట్టను గాలి పైకి పీకుతుందట, కుట్టు లేకపోతే చినిగి లేచిపోతుందట.

"ఎగిరేది కాదు కదా కాకా, గమ్ము పెట్టి అంటిస్తే సరిపోదా?" అన్నాను.

"ఎగరదు. కానీ ఎగిరేదిలాగే ఉండాలి," అన్నారు ఆయన. ఆ గొంతు విన్నాక మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు.

రెక్కను అంచు మీద నిలువుగా నిలబెట్టాం, మంచాన్ని పక్కకు తిప్పి ఆనించినట్టు. ఒకవైపు నేను, అటువైపు బాపు. నడుమ తెల్ల బట్ట. నేను పొడుగాటి సూదిని ఎముక పక్క నుంచి గుచ్చి అటు తోస్తాను. బాపు అందుకుని, తాడు లాగి, ఎముకకు ఇంకో పక్క నుంచి మళ్లీ నావైపు తోస్తాడు. తాడు ఎముకను చుట్టి వచ్చాక అటువైపు ముడి పడాలి. ముడులు బాపు వంతు. ఎట్లా వెయ్యాలో కాకా వేసి చూపించారు. రెండు చుట్లు తిప్పి, గట్టిగా దిగలాగి, చివర గోరంత తోక వదలాలి. బాపు శ్రద్ధగా చూసి తల ఊపాడు.

షెడ్డులో ఆ చప్పుడులో మాటలు నడవవు గనక నేతపని వాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. బాపుతో ఇంట్లో కూడా మాకు అదే అలవాటైంది. ఇక్కడ ఆయన ముఖం నాకు కనబడదు, నా చెయ్యి ఆయనకు కనబడదు, నా మాట ఆయనకు వినబడదు. మొదట్లో ఇద్దరమూ తికమకపడ్డాం. తర్వాత ఎవరూ చెప్పకుండానే తాడుతో మాట్లాడుకోవడం మొదలైంది. ఒకసారి చిన్నగా గుంజితే అందింది అని. గట్టిగా గుంజి పట్టి ఉంచితే ఆగు అని. నేను తొందరపడి గుచ్చితే అటు నుంచి రెండు గుంజులు వచ్చేవి. అవి తిట్లు. ఆ తిట్లు తింటూ కూడా నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. పుట్టి బుద్ధెరిగాక మా ఇద్దరం కలిసి చేసిన మొదటి పని అది. నన్ను షెడ్డుకు రానివ్వకపోవడం నా మంచికేనని తెలిసినా, బాపు పక్కన నిలబడి పని చేయలేదనే కొరత నాలో ఎప్పుడూ ఉండేది. అది తీరుతోంది అనిపించింది.

మధ్యాహ్నం కాకా ఇంట్లోంచి చాయ్ తెచ్చేవారు. బాపు గ్లాసు పట్టుకుని విమానం గుంత చుట్టూ తిరిగి చూసేవాడు. ఒకరోజు ఒకే సీటు ఎందుకని అడిగాడు. కాకా చేతులతో, కొంచెం అరుపుతో, శిష్యుడు పైన, గురువు కింద అని నాకు చెప్పినట్టే చెప్పారు.

బాపు కాసేపు పైకి చూశాడు. "మరి ఉస్తాద్‌కు నేల మీద నిలబడ బుద్ధి అయితదా?" అని నాతో తెలుగులో అన్నాడు. నేను దాన్ని హిందీలో చెప్పాను. కాకా, "కాకపోయినా నిలబడాలి. తను ఎక్కితే వాడికి రాదు," అన్నారు. బాపుకు ఆ జవాబు అంతగా నచ్చినట్టు లేదు. గ్లాసు కింద పెట్టి పనిలోకి పోయాడు.

కాకా ముడులు చూడటానికి బాపు వైపు పోయినప్పుడల్లా ఆశ్చర్యపోయేవారు. "అరే భాయ్, ముడి ఎక్కడుంది? కనబడటమే లేదు!" ఆయన మాట వినబడకపోయినా ఆ ముఖం చూసి బాపు మురిసిపోయేవాడు. నేనూ చూశాను. నిజంగానే ఎంత చక్కగా ఉన్నాయో! కుట్టు అంతా ఒకే తాడు పారినట్టుంది. ఆ ముడుల మీద బట్ట పట్టీలు అంటించి, మిగతా పూతలు వేశాం. పూత పూతకూ బట్ట ఇంకా బిగిసింది.

ఆఖరి పూత ఆరిన రోజు ఆదివారం. ముగ్గురం రెక్క దగ్గర నిలబడ్డాం. బాపు గోటితో బట్ట మీద కొట్టి చూశాడు. డప్పు మోగినట్టు మోగింది. ఆ మోత ఆయన వేలికి తెలిసింది గానీ చెవికి కాదు. ముఖమంతా నవ్వు. "సూడు ఎట్ల బిగిసిందో. నా చెయ్యి ఏం కాలేదురా. రేపు పొద్దుగాల మాలిక్ తానికి పోతున్న. నువ్వు గూడ రా," అన్నాడు నాతో గట్టిగా, చెవులు వినబడని వాళ్లందరిలాగే.

అప్పుడు వినబడింది, టప్ అని ఒక చిన్న చప్పుడు. కాకా నావైపు చూశారు. కాసేపటికి ఇంకోటి. రెక్క కింది ముఖం కొంచెం లోపలికి గుంటగా ఉంటుంది, దోసిలి పట్టినట్టు. బిగిసిన బట్ట ఆ గుంటలో ఉండనంటుంది, తిన్నగా సాగిపోవాలని చూస్తుంది. దాన్ని ఎముకలకు పట్టి ఉంచేది కుట్టే. ఆ కుట్టు ఊడుతోంది. టప్, టప్. బాపు ఇంకా మాలిక్‌తో ఏమేం మాట్లాడాలో చెబుతూనే ఉన్నాడు.

ఎందుకు ఊడుతున్నాయో అప్పుడు తట్టింది నాకు. నేతగాడి ముడి కనబడకూడదు. తెగిన పోగును ఎంత సన్నగా అతికితే అంత పనితనం. తోక మిగిలితే అది సాంచా మీది దువ్వెన పళ్లలోంచి దూరదు, దూరినా బట్ట మీద గింజలా నిలుస్తుంది, తప్పు కింద లెక్క. బాపు జీవితమంతా వేసింది ఆ ముడే. కాకా చూపించినప్పుడు తల ఊపాడు, వేళ్లు మాత్రం వాటికి తెలిసిన ముడే వేశాయి. వేసి, తోకను పళ్లతో కొరికేశాయి. మైనం పూసిన తాడు మీద ఆ ముడి ఎట్లా ఆగుతుంది?

కాకా నా భుజం పట్టుకుని చిన్నగా అన్నారు. "ఆయనకు చెప్పకు. ఎలాగూ ఎగిరేది కాదు కదా. ఇలాగే ఉంచేస్తాను." ఎగిరేదిలాగే ఉండాలన్న మనిషే ఆ మాట అన్నారు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. కాకా మీదనా, బాపు మీదనా, ఆ చెవుల మీదనా? అందరం కలిసి ఆయన్ను చిన్నపిల్లాడిని చేసి ఊరుకోబెడుతున్నాం అనిపించింది.

ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. బాపు మాట్లాడుతూనే, షెడ్డులో బట్ట దించాక చేసినట్టు, రెక్క కింది ముఖం మీద అరచెయ్యి పారించాడు. ఒకచోట ఆ చెయ్యి ఆగింది. మళ్లీ వెనక్కి పోయి, మళ్లీ వచ్చి, అక్కడే ఆగింది.

"ఈడ లేచింది," అన్నాడు.

పట్టీ అంచును గోటితో లేపి చూశాడు. విడిపోయిన ముడిని పైకి తీసి చాలాసేపు చూశాడు. తర్వాత తల ఎత్తి మా ఇద్దరి ముఖాలూ చూశాడు. బాపుకు చెవులు లేకపోయినా ముఖాలు చదవడం బాగా వచ్చు.

"మీకు ఇనబడ్డదా?"

నేను అబద్ధం ఆడలేకపోయాను. తల ఊపాను.

"ఇద్దరికి?"

మళ్లీ ఊపాను. ఆయన అక్కడే ఉన్న ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. ఆ ముడి చేతిలోనే ఉంది. నేను పోయి పక్కన గొంతుక్కూర్చున్నాను. ఆయన ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో అన్నాడు. "అంటే షెడ్డుల గూడ గిట్లనే అయ్యుంటది. సాంచా దెబ్బ తప్పితె సప్పుడు మారుతది. పక్క మనుషులకు ఇనబడుతది. బట్ట ఖరాబ్ అయితాంటె నాకే ఎర్క ఉండకపోయేది. గా మాలిక్‌ను ఉత్తగనే తిట్టిన గదరా ఇన్ని దినాలు."

తన మీద ఎవరో కుట్ర చేశారన్న కోపం ఒక్కటే ఆయన్ను అన్ని నెలలు నిలబెట్టింది. అది కాస్తా పోయింది. ఆ క్షణంలో బాపు నాకు నిజంగా ముసలివాడిలా కనబడ్డాడు. ఏడుపు వచ్చింది. కాకా ముఖం తిప్పుకుని ఏవో డబ్బాలు సర్దారు.

సోమవారం మాలిక్ దగ్గరికి పోలేదు. ఆ పొద్దున్నే బాపు అంగీ తొడుక్కుని, కాకా ఇంటికి పోదామని నాకంటే ముందు గుమ్మంలో నిలబడ్డాడు. వద్దని నా భార్యతో చెప్పించబోయాను. "మామను ఆపకు. ఖరాబైన పనిని ఇడిచిపెట్టి వస్తె ఆయనకు నిద్ర పడతదా?" అంది ఆమె. నోరు మూసుకుని బండి తీశాను.

పట్టీలు పీకి, ఊడినవీ ఊడనివీ అన్ని ముడులూ బాపే విప్పాడు. విప్పాక కాకా చూపించిన ముడిని వేయడానికి కూర్చున్నాడు. రెండు చుట్లు తిప్పుతాడు, దిగలాగుతాడు, తోక వదలాలనేసరికి చెయ్యి నోటి దాకా పోతుంది, పళ్లు కొరికేస్తాయి. "థూ," అని ఉమ్మి మళ్లీ మొదలు. మళ్లీ అదే. మూతి బిగపట్టుకుని చూశాడు. అప్పుడు వేళ్లు తోకను చుట్టు కిందికి దోపేశాయి. ఒక తాడంతా అట్లా పాడైంది. చివరికి నవ్వాడు. ఆ నవ్వులో ఏడుపు ఎంత ఉందో నాకు తెలుసు.

"ఇవి నా మాట ఇనయిరా. ఇయి నేర్చిందే చేస్తయి," అని లేచి, రెక్క చుట్టూ తిరిగి నావైపు వచ్చాడు. నా చేతిలోని సూది తీసుకున్నాడు. "నువ్వు అటు పో. ముడి నువ్వెయ్యి. నేను సూది తోస్త."

"నాకు అంత మంచిగ రాదు బాపు," అని చేతులతో చెప్పాను.

"మంచిగ వద్దు. గట్టిగ ఉండాలె," అన్నాడు.

అటువైపు పోయి నిలబడ్డాను. సూది వచ్చింది. అందింది అని గుంజాను. ముడి వేసి తోక వదిలాను. చూడటానికి అసహ్యంగా ఉంది, నిజం చెప్పాలంటే. అటు నుంచి సూది తప్ప ఏమీ రాలేదు. తొందరపడినా, ఆలస్యం చేసినా, మొదటి రోజుల్లో లాగా ఆ రెండు గుంజుల తిట్టు రాలేదు. ఎట్లా వేస్తే అట్లా వేయనిచ్చాడు. నేను దానికి సంతోషించాల్సింది. తిడితే బాగుండు అనిపించింది.

ఈసారి పూతలు ఆరాక ఒక్క కుట్టూ లేవలేదు. కాకా వెండి రంగు వేశారు. రెక్కలు విమానానికి బిగించిన రోజు కాలనీ వాళ్లంతా వచ్చి ఫొటోలు దిగారు. తిట్టిన పక్కింటి ఆమె కూడా దిగింది. కాకా బాపును సీట్లో కూర్చోమని చెయ్యి పట్టి లాగారు. బాపు రెండు చేతులూ జోడించి వద్దన్నాడు. "నాకు ఎందుకు సాబ్," అని అంచు మీద ఒకసారి చెయ్యి వేసి తీసేశాడు.

తిరిగి వస్తూ వంతెన దిగాక, బండి వెనక నుంచి నా భుజం తట్టాడు. "షెడ్డు దిక్కు పోనియ్యి."

"ఎందుకు బాపు? ఇయ్యాల వద్దు," అని అరిచాను. ఆయనకు వినబడలేదో, వినబడనట్టు ఉన్నాడో. మళ్లీ తట్టాడు. పోనిచ్చాను.

మాలిక్ ఆఫీసు వైపు పోలేదు. నేరుగా షెడ్డులోకి నడిచాడు. నన్ను ఏనాడూ రానివ్వని ఆ గడప నేను ఆ రోజు ఆయన వెనక దాటాను. ఆ చప్పుడు చెవుల్లో కాదు, పళ్లలో వినబడింది. బాపు సాంచాల మీద ఒక నడివయసు మనిషి ఉన్నాడు, జగిత్యాల దిక్కువాడట. బాపును చూడగానే కంగారుపడి నిలబడ్డాడు. తన పని పోతుందని భయపడ్డాడేమో. బాపు చేతులతో అతనికి ఏదో చెప్పాడు. అతను చేతులతోనే జవాబిచ్చాడు. ఆ మాటల్లో సగం నాకు అర్థం కాలేదు. తర్వాత బాపు ఆ వరస పొడుగునా నడిచి, ఒక్కో సాంచా చట్రం మీద అరచెయ్యి పెట్టి, కాసేపు ఉంచి, ముందుకు పోయాడు. చివరి దాని మీద పెట్టిన చెయ్యి చాలాసేపు తీయలేదు. తీసి, ఆ మనిషి వీపు తట్టి, బయటికి వచ్చేశాడు.

బండి దగ్గర నిలబడి ముఖం తుడుచుకున్నాడు. చెమట అనుకోవడానికి వీల్లేదు, చలికాలం మొదలైంది.

"ఏమన్నవ్ బాపు ఆయనకు?" అని చేతులతో అడిగాను.

"మంచిగ చేస్కో అన్న. నేను ఇగ రాను అన్న." షెడ్డు వైపు చూశాడు. "నేను లేకపోతె వాటికి జర కష్టమైతది అనుకున్నరా. ఏం లేదు. మంచిగనే నడుస్తున్నయి."

బండి స్టార్టు చేశాను. బాపు ఇక అటు పోడు, లేదనిపించుకోడు అని నా భయం తీరిపోయింది. తీరాలనే గదా అన్ని నెలలు కోరుకున్నాను. కానీ మేము అక్కడ నిలబడ్డ ఆ కాసేపట్లో, ఒక్క సాంచా అయినా ఒక్కసారి ఆగి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.